బుడిపె కట్టేది మొక్కే: రైజోబియంను వేరు లోపలికి ఎందుకు రానిస్తుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నారు. రోగం తెచ్చే బ్యాక్టీరియా వస్తే తిరగబడే మొక్క, గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇచ్చే రైజోబియం అనే బ్యాక్టీరియా వస్తే మాత్రం వేరు మీద బుడిపె కట్టి అందులో పెట్టుకుంటుంది. ఆ తేడా దానికి ఎలా తెలుస్తుంది, అందులో పనిచేసే జన్యువులేవి, ఇంత తెలిశాక కూడా వరికి ఈ గుణం ఎందుకు ఎక్కించలేకపోతున్నారు అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: మీ నాన్నగారు వేరుశనగ విత్తనానికి రెండేళ్ళు రైజోబియం కల్చర్ (ప్యాకెట్‌లో అమ్మే బతికున్న బ్యాక్టీరియా) పట్టించినా తేడా ఏమీ కనిపించలేదంటున్నారు. నిజం చెప్పాలంటే నన్ను సమాధానం రాయడానికి కూర్చోబెట్టింది ఆ చివరి మాటే. మాది అనంతపురం వైపు. వేరుశనగను మేం బుడ్డలు అంటాం. ఇరవై ఏడేళ్ళుగా పప్పుజాతి మొక్కల వేళ్ళ మీదే పనిచేస్తున్నాను.

సూటిగా చెప్తాను. బుడిపె మొక్కది, బ్యాక్టీరియాది కాదు. బుడిపె కట్టే కార్యక్రమం మొత్తం మొక్క జన్యువుల్లోనే ఉంది. బ్యాక్టీరియా చేసేది సరైన రసాయనంతో తలుపు తట్టడం. ఆ రసాయనాన్ని గుర్తుపట్టే గ్రాహక ప్రోటీన్లు వేరు కణాల పైపొరలో ఉన్నాయి. పైగా ఇది ఒక్కసారి తలుపు తీసి ఊరుకునే వ్యవహారం కాదు. గుమ్మం గుమ్మం దగ్గరా పరీక్ష ఉంటుంది, ఎక్కడ తప్పినా బ్యాక్టీరియా అక్కడే ఆగిపోతుంది. వరికి సగం దారి ఇప్పటికే ఉంది, మిగతా సగం లేదు. మీ నాన్నగారి చేలో తేడా కనిపించకపోవడానికి కారణం చాలావరకు ఆ నేలలో ముందే కాపురముంటున్న బ్యాక్టీరియాలే. ఇక వివరంగా చెప్తాను.

మొదటి పలకరింపు మొక్కదే. నత్రజని కరువైన వేరు ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలను మట్టిలోకి వదులుతుంది. అల్ఫాల్ఫా అనే పశుగ్రాసపు పప్పుజాతి మొక్క గింజల నుంచి వచ్చే లూటియోలిన్ బ్యాక్టీరియాను ఇలా పలకరిస్తుందని 1986లో తేలింది. సోయాచిక్కుడుకు జెనిస్టీన్, డైడ్జీన్. బ్యాక్టీరియాలోని నాడ్-డి అనే ప్రోటీన్ దీన్ని పట్టుకుని, నాడ్ జన్యువుల వరస మొత్తాన్ని లేపుతుంది. అందులో మూడు ముఖ్యం. నాడ్-సి నాలుగైదు చక్కెర ముక్కలను గొలుసుగా కడుతుంది. నాడ్-బి ఆ గొలుసు కొస నుంచి ఒక అసిటైల్ గుంపును ఊడదీస్తుంది. నాడ్-ఎ ఆ ఖాళీలో ఒక కొవ్వు ఆమ్లాన్ని తోకలా తగిలిస్తుంది. ఇదే నాడ్ ఫ్యాక్టర్. దీని నిర్మాణం 1990లో ఫ్రాన్స్‌లో బయటపడింది. ఒక్కో జాతి బ్యాక్టీరియా దీనికి తన అలంకారం ఒకటి చేర్చుకుంటుంది. అల్ఫాల్ఫాకు వచ్చేది సల్ఫేట్ పెడుతుంది. ఆ సల్ఫేట్ తీసేస్తే అల్ఫాల్ఫా పట్టించుకోదు. ఎవరి బ్యాక్టీరియా వాళ్ళదే అని మనం చెప్పుకునేదానికి పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు మీ అసలు అనుమానం దగ్గరికి వద్దాం. ఆ గొలుసులోని చక్కెర ఏమిటో తెలుసా? ఎన్-అసిటైల్ గ్లూకోజమిన్. శిలీంధ్రాల కణ గోడలోని కైటిన్ కూడా దాంతోనే తయారవుతుంది. అంటే శత్రువు వంటి మీద ఏ గుర్తు చూస్తే మొక్క యుద్ధానికి దిగుతుందో, దాదాపు అదే గుర్తును రైజోబియం చేతిలో పట్టుకుని వస్తోంది! నేను పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఇది చదివి రెండు రోజులు సరిగా పడుకోలేదు. ఇంత దగ్గర పోలిక పెట్టుకుని మొక్క ఎలా నెగ్గుకొస్తోంది?

జవాబు గ్రాహకాల్లో ఉంది. 2003లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ బృందం లోటస్ జపోనికస్ అనే చిన్న పప్పుజాతి మొక్కలో ఎన్ఎఫ్ఆర్1, ఎన్ఎఫ్ఆర్5 అనే రెండు గ్రాహకాలను పట్టుకుంది. రెండింటికీ కణం బయటివైపు లైస్ఎం అనే మడతలు ఉంటాయి. కైటిన్‌ను పట్టే గ్రాహకాలకూ ఇవే మడతలు. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకటి ఎనిమిది ముక్కల పొడవైన కైటిన్ చూస్తే రోగనిరోధక శక్తిని లేపుతుంది. ఇంకొకటి తోక ఉన్న పొట్టి గొలుసు చూస్తే స్నేహం మొదలుపెడుతుంది. 2020లో అదే బృందం వాళ్ళు కైటిన్ గ్రాహకంలోని మొదటి లైస్ఎం మడతలో కొన్ని చిన్న భాగాలు మార్చి, దానిచేత నాడ్ ఫ్యాక్టర్ గ్రాహకం పని చేయించారు. అంటే శత్రువుకూ మిత్రుడికీ మధ్య తేడా కొన్ని అమైనో ఆమ్లాల్లో ఉంది. మీరు "రెండూ బ్యాక్టీరియాలే కదా" అన్నారు. మొక్క చూసేది బ్యాక్టీరియానా కాదా అని కాదు, ఏ అణువు ఏ గ్రాహకంలో కుదురుతోందన్నదే.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. ప్రతిఘటన అసలే ఉండదని అనుకోకండి. మొదట్లో కొంచెం లేస్తుంది, తర్వాత అణుగుతుంది. సోయాచిక్కుడులో కొన్ని రకాలు కొన్ని బ్యాక్టీరియా స్ట్రెయిన్లను (ఒకే జాతిలోని వేర్వేరు రకాలను) అసలు రానివ్వవు. అక్కడ అడ్డుపడే జన్యువులను చూస్తే అవి మామూలు రోగనిరోధక జన్యువుల జాతివే. కాబట్టి "స్నేహితుడు, శత్రువు" అనే గీత పాఠ్యపుస్తకంలో ఉన్నంత శుభ్రంగా ఉండదు.

గ్రాహకం నుంచి కబురు కేంద్రకానికి చేరుతుంది. అక్కడ కాల్షియం కొట్టుకోవడం మొదలవుతుంది. కొట్టుకోవడం అనే మాట ఊరికే వాడలేదు, నిజంగానే నాడిలా ఉంటుంది. మా ల్యాబ్‌లో కాల్షియం తగిలితే రంగు మారే సెన్సార్ ప్రోటీన్ పెట్టిన మెడికాగో (అల్ఫాల్ఫాకు దగ్గరి చుట్టం) మొక్క వేరును స్లైడ్ మీద ఉంచి, నాడ్ ఫ్యాక్టర్ ఒక చుక్క వేసి చూసేవాళ్ళం. చుక్క అంటే నానోమోలార్ మోతాదు, లేనట్టే లెక్క. పది పదిహేను నిమిషాలు ఏమీ జరగదు. కాఫీకి లేద్దామా అనుకునేలోపు ఒక వేరు నూగు కేంద్రకం మెరుస్తుంది. ఆరిపోతుంది. నిమిషం, నిమిషంన్నర తర్వాత మళ్ళీ మెరుస్తుంది. పక్క కణం కూడా మొదలుపెడుతుంది, కానీ తన తాళంలో తాను. మొదటిసారి చూసినప్పుడు గంటన్నర ఆ కుర్చీలోంచి కదల్లేదు.

ఈ మెరుపులను లెక్కపెట్టే ప్రోటీన్ పేరు సీసీఏఎంకే. ఇది కాల్షియాన్నీ, కాల్షియం పట్టే కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్‌నూ పట్టుకునే ఒక కైనేజ్, అంటే వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము. ఇది సైక్లాప్స్ అనే ప్రోటీన్‌ను తట్టి లేపితే, అది నిన్ అనే జన్యువును లేపుతుంది. నిన్ లేచిందంటే బుడిపె పని మొదలైనట్టే. మధ్యలో ఎన్ఎస్‌పీ1, ఎన్ఎస్‌పీ2 లాంటివి ఇంకా ఉన్నాయి. మీ పరీక్షకు అవన్నీ కావాలి, ఈ సమాధానానికి అక్కర్లేదు.

"బుడిపె మొక్కది" అని మొదట్లో అంత ధీమాగా అన్నానే, దానికి రుజువు ఇక్కడుంది. 2006లో రెండు బృందాలు సీసీఏఎంకేను ఎప్పుడూ లేచి ఉండేలా మార్చాయి. ఆ మొక్కలు బ్యాక్టీరియా ఒక్కటీ లేకుండానే బుడిపెలు కట్టాయి. శుభ్రం చేసిన జాడీలో, క్రిములు లేని నీళ్ళలో, ఖాళీ బుడిపెలు! మరుసటి ఏడాది సైటోకైనిన్ హార్మోన్ గ్రాహకాన్ని అలాగే మార్చినా అదే జరిగిందని తేలింది. ఇల్లు కట్టే మేస్త్రీ మొక్కే, బ్యాక్టీరియా అద్దెకొచ్చేవాడు.

నిన్ గురించి రెండు ముక్కలు చెప్పకుండా ముందుకు పోలేను. 1999లో లోటస్‌లో దొరికింది. దాని వంశం చూస్తే మట్టిలో నైట్రేట్ ఉందా లేదా అని చదివే ఎన్ఎల్‌పీ ప్రోటీన్ల కుటుంబం. అంటే నైట్రేట్ లెక్కలు చూసుకునే పాత గుమాస్తాను తెచ్చి, నత్రజని తయారు చేసే ఫ్యాక్టరీకి మేనేజరును చేశారన్నమాట. ఇక బుడిపె ఆకారం కట్టడానికి నిన్ ఎవరిని పిలుస్తుందంటే, పక్క వేరు పుట్టించే ఎల్‌బీడీ16 జన్యువును. 2019లో ఇది తేలింది. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఉన్న సామానుతోనే ఇల్లు కట్టింది.

ఇంతవరకు చెప్పింది ఎక్కువగా లోటస్, మెడికాగో కథ. పాఠ్యపుస్తకాల్లో వేరు నూగు వంకర తిరగడం, దాంట్లోంచి ఇన్‌ఫెక్షన్ త్రెడ్ అనే గొట్టం లోపలికి పోవడం, ఆ గొట్టంలో బ్యాక్టీరియా వరసగా నడవడం అని బొమ్మలతో సహా ఉంటుంది. ఆ బొమ్మ పట్టుకుని వేరుశనగలో వెతికితే కనపడదు. వేరుశనగలో బ్యాక్టీరియా పగులులోంచి వస్తుంది. పక్క వేరు బయటికి చీల్చుకుని వచ్చే చోట కణాల మధ్య సందు ఏర్పడుతుంది. అక్కడ నూగు గుత్తులుగా ఉంటుంది. ఆ సందులోంచి కణాల మధ్యగా దూరి, బ్యాక్టీరియా నేరుగా లోపలి కణాల్లోకి చేరుతుంది. గొట్టం లేదు, ఊరేగింపు లేదు. మీరు రేపు చేలోకి వెళ్ళి ఒక మొక్క తీసి చూడండి. బుడిపెలు ఎక్కడపడితే అక్కడ ఉండవు. పక్క వేరు మొదట్లో, చంకలో ఉన్నట్టు కూర్చుని ఉంటాయి. ఆ ఒక్క గమనింపు చాలు, ఏ దారిన వచ్చిందో చెప్పేస్తుంది.

మా తాతగారు దీన్ని చూసి "వేరుకు పురుగు పట్టింది" అని పీకేసిన రోజులున్నాయట. నవ్వకండి. వేరుముడి తెగులు తెచ్చే నులిపురుగు బుడిపెలనూ వీటినీ కలిపేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నత్రజని బుడిపెను గోటితో గిల్లితే ఊడివస్తుంది. నులిపురుగుది వేరే ఉబ్బి ఉంటుంది, ఊడదు.

వేరుశనగ మీద ఇంకో కథ, మనకు దగ్గరిదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1980 ప్రాంతంలో సంకరం చేసిన వేరుశనగ సంతతిలో బుడిపెలు అసలు కట్టని మొక్కలు బయటపడ్డాయి. ఎఫ్2 తరంలో, అంటే సంకరం తర్వాతి రెండో తరంలో, సుమారు పదహారింటికి ఒకటి. ఆ నిష్పత్తి చూడగానే మెండెల్ చదివినవాళ్ళకు అర్థమవుతుంది: ఒకే పని చేసే రెండు జన్యువులున్నాయి, రెండూ చెడితేనే బుడిపె రాదు. మనం సాగు చేసే వేరుశనగ రెండు అడవి జాతుల జన్యుపటాలు కలిసిన టెట్రాప్లాయిడ్ కాబట్టి ప్రతి జన్యువుకూ తోడు ఒకటుంటుంది, లెక్క సరిపోతుంది. ఇలాంటి మొక్కల చాలు ఒకటి మామూలు వేరుశనగ చాళ్ళ మధ్య వేస్తే దూరం నుంచే కనిపెట్టొచ్చు. అటూ ఇటూ ముదురు పచ్చ, మధ్యలో నిమ్మపండు పసుపు. నత్రజని స్థిరీకరణ పంటకు ఎంత ఇస్తుందో లెక్కగట్టడానికి ఆ పసుపు చాలే కొలబద్ద. నా విద్యార్థులకు నేను మొదట చూపించేది జెల్ బొమ్మలు కాదు, ఆ చాలే.

సరే, బ్యాక్టీరియా లోపలికి వచ్చింది. ఇప్పుడు మొక్క దాన్ని తన పొరతో చుట్టి సంచిలో పెడుతుంది. ఆ సంచిని సింబయోసోమ్ అంటారు. సంచి గోడ మొక్కది కాబట్టి ఏం లోపలికి పోవాలో ఏం బయటికి రావాలో మొక్క చేతిలోనే ఉంటుంది. లోపలికి పోయేది ముఖ్యంగా మాలేట్, అంటే ఆకులు చేసిన చక్కెరను విరిచిన ముక్క. బయటికి వచ్చేది అమ్మోనియా.

మెడికాగో, బఠాణీ లాంటివి ఇంకో అడుగు ముందుకేస్తాయి. ఎన్‌సీఆర్ పెప్టైడ్లు అనే చిన్న ప్రోటీన్లను సంచిలోకి దింపుతాయి. ఒక్క మెడికాగోలోనే వీటి జన్యువులు వందల్లో ఉన్నాయి. ఇవి బ్యాక్టీరియాను ఉబ్బించి, మళ్ళీ విభజన చెందకుండా చేస్తాయి. ఇక అది బయటికి పోయి సంసారం చేసుకునే అవకాశం లేదు, నత్రజని మాత్రమే చేస్తుంది. వేరుశనగలో కూడా బ్యాక్టీరియా ఉబ్బి గుండ్రంగా మారుతుంది. సోయా, అలసంద ఇంత కఠినంగా ఉండవు. వాటి బుడిపె ముసలిదై చితికిపోతే లోపలి బ్యాక్టీరియా మళ్ళీ మట్టిలో బతుకుతుంది.

ఇక అసలు పని. గాలిలోని నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో పట్టుకుని ఉంటాయి. దాన్ని విడగొట్టేది నైట్రోజినేజ్. ఒక అణువును రెండు అమ్మోనియాలుగా మార్చడానికి 8 ఎలక్ట్రాన్లు, కనీసం 16 ఏటీపీలు (కణం వాడే ఇంధనం) ఖర్చవుతాయి. వెంట ఒక హైడ్రోజన్ అణువు వృథాగా పోతుంది. ఎంజైము గుండెలో ఇనుము, మాలిబ్డినం, గంధకంతో పాటు హోమోసిట్రేట్ అనే ఆమ్లం ఒకటి ఉంటుంది. తమాషా ఏమిటంటే చాలా రైజోబియంలకు ఆ హోమోసిట్రేట్ సొంతంగా చేసుకోవడం రాదు. మొక్కే చేసి అందించాలి. లోటస్‌లో ఆ జన్యువు చెడిపోతే బుడిపెలు కడతాయి గాని నత్రజని రాదు. మట్టిలో విడిగా ఉన్నప్పుడు రైజోబియం సాధారణంగా నత్రజనిని ఎందుకు పట్టదో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

పెద్ద చిక్కు ఆక్సిజన్‌తో. నైట్రోజినేజ్‌కు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, మళ్ళీ బాగవదు. కానీ 16 ఏటీపీలు కావాలంటే బ్యాక్టీరియా ఊపిరి పీల్చాలి, దానికి ఆక్సిజన్ కావాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి! మొక్క దీన్ని లెగ్‌హీమోగ్లోబిన్‌తో దాటింది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దూరపు చుట్టం. ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని, విడిగా తిరగనివ్వకుండా, చేతి మీదుగా బ్యాక్టీరియాకు అందిస్తుంది. గాలి తగిలిన నీళ్ళలో ఆక్సిజన్ సుమారు 250 మైక్రోమోలార్ ఉంటే, పనిచేసే బుడిపె లోపల విడిగా ఉన్నది కొన్ని పదుల నానోమోలార్ మాత్రమే. వేల రెట్లు తక్కువ. 2005లో లోటస్‌లో ఈ లెగ్‌హీమోగ్లోబిన్‌ను నోరు నొక్కేస్తే బుడిపెలు కట్టాయి, బ్యాక్టీరియా ఉంది, నత్రజని మాత్రం సున్నా.

బుడిపెను బ్లేడుతో కోస్తే కనిపించే గులాబీ రంగు దీనిదే. నేను ఏ చేలోకి వెళ్ళినా జేబులో ఒక సగం బ్లేడు ఉంటుంది. గులాబీ, ఎరుపు ఉంటే పని జరుగుతోంది. తెల్లగా ఉంటే ఇంకా లేతదైనా కావాలి, లేదా పనికిరాని బ్యాక్టీరియా దూరి ఉండాలి. ఆకుపచ్చగా, గోధుమగా మారితే దాని పని అయిపోయింది, లెగ్‌హీమోగ్లోబిన్‌కు ఎరుపునిచ్చే హీమ్ విరిగిపోతోంది.

తయారైన అమ్మోనియాను అలాగే పంపరు. కంది, సోయా, అలసంద దాన్ని అలంటోయిన్ లాంటి యూరైడ్లుగా మార్చి కాండంలోకి ఎక్కిస్తాయి. వేరుశనగ ఇక్కడా తన దారి తనదే అంటుంది. ఎక్కువగా మిథిలీన్ గ్లూటమిన్ అనే అమైడ్ రూపంలో పంపుతుంది. కొందరు నోట్సుల్లో "ఉష్ణమండల పప్పుజాతులన్నీ యూరైడ్లు" అని రాసేస్తారు. వేరుశనగ విషయంలో అది తప్పు.

ఇంత ఖర్చు పెట్టే పని కాబట్టి మొక్క పిసినారిగా ఉండక తప్పదు. బుడిపెలు కొన్ని కట్టగానే వేరు సీఎల్ఈ అనే చిన్న పెప్టైడ్లను పైకి పంపుతుంది. ఆకుల్లోని గ్రాహకం (లోటస్‌లో హార్1, సోయాలో నార్క్) దాన్ని చదివి "ఇక చాలు" అని కిందికి కబురు పంపుతుంది. ఆకుల్లో తయారై వేరుకు దిగే ఎంఐఆర్2111 అనే బుల్లి ఆర్‌ఎన్‌ఏ బుడిపెలకు అనుమతి ఇస్తుందని 2018లో తేలింది. ఆ గ్రాహకం లేచినప్పుడు దాని సరఫరా తగ్గుతుంది. హార్1 చెడిన మొక్కను చూస్తే జాలేస్తుంది. వేరంతా బుడిపెలే, మొక్క మాత్రం గిడస. సంపాదన కంటే మేపేది ఎక్కువైతే ఇంతే.

పనిచేయని బ్యాక్టీరియాను మొక్క ఏం చేస్తుంది? 2003లో కాలిఫోర్నియాలో ఒక చక్కటి ప్రయోగం చేశారు. సోయా బుడిపెల చుట్టూ నత్రజని బదులు ఆర్గాన్ వాయువు నింపారు. బ్యాక్టీరియా మంచిదే, పాపం దానికి ముడిసరుకు దొరకలేదు. మొక్కకు అదంతా తెలియదు, నత్రజని రావడం లేదని మాత్రం తెలుస్తుంది. ఆ బుడిపెల్లో బ్యాక్టీరియా సంఖ్య గణనీయంగా తగ్గింది. బుడిపెకు ఆక్సిజన్ సరఫరా తగ్గించినట్టు కూడా కనిపించింది. కౌలు ఇవ్వని కౌలుదారుకు నీళ్ళు ఆపినట్టు.

ఇప్పుడు మీ నాన్నగారి చేను సంగతి. పైన చెప్పిందంతా తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది.

వేరుశనగకు వచ్చేది బ్రాడీరైజోబియం. అలసంద, పెసర, మినుము, కందికి కూడా ఈ గుంపువే వస్తాయి. మన ఎర్ర నేలల్లో ఈ పంటలు తరతరాలుగా వేస్తున్నాం, కాబట్టి మట్టిలో అవి దండిగా ఉన్నాయి. మీరు ప్యాకెట్‌లో తెచ్చిన స్ట్రెయిన్ ఎంత మంచిదైనా, ఆ గుంపులో పోటీ పడి పగులు దగ్గరికి ముందు చేరాలి. చాలాసార్లు చేరదు. బుడిపెల సంఖ్య పెరగదు, లోపల ఎవరున్నారన్నది మాత్రమే కొంచెం మారుతుంది. శనగ సంగతి వేరు. దానికి ప్రత్యేకంగా మీసోరైజోబియం కావాలి. ఎప్పుడూ శనగ వెయ్యని నేలలో మొదటిసారి వేస్తే కల్చర్ తేడా కంటికి కనిపిస్తుంది. సోయాచిక్కుడు కొత్తగా వేసిన నేలల్లో కూడా అంతే.

రెండో సంగతి, ప్యాకెట్‌లో ప్రాణం ఉందా? నిబంధన ప్రకారం గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలి. ఒకసారి మేం రైతుల పొలాల్లో ప్రయోగం పెట్టాం. కల్చర్ ప్యాకెట్లు ఒక దుకాణం నుంచి కొన్నాం, పేరు అనవసరం. నాటాక నలభై రోజులకు చూస్తే పట్టించిన మడికీ పట్టించని మడికీ వెంట్రుకవాసి తేడా లేదు. నాకు టెన్షన్ మొదలైంది. మిగిలిన ప్యాకెట్లు తెచ్చి కాంగో రెడ్ కలిపిన పళ్ళేల మీద పూశాం. రైజోబియం ఆ రంగును పెద్దగా పీల్చదు, తెల్లగా, జిగటగా పెరుగుతుంది. మా పళ్ళేల మీద ఎర్రటి చెత్త బ్యాక్టీరియా తప్ప తెల్ల చుక్క ఒక్కటి లేదు. తర్వాత ఆరా తీస్తే ఆ ప్యాకెట్లు ఏప్రిల్, మే నెలలు రేకుల షెడ్డులో గడిపాయని తెలిసింది. తప్పు దుకాణందారుది ఒక్కడిదే కాదు. నాటేముందు పళ్ళెం మీద పరీక్షించకపోవడం నాది. అప్పటినుంచి పరీక్షించకుండా ఒక్క ప్యాకెట్ వాడలేదు.

మూడోది, మందులు, ఎరువులు. విత్తనశుద్ధి మందు, కల్చర్ ఒకేసారి కలిపి పట్టిస్తే కల్చర్ చస్తుంది. ముందు మందు, అది ఆరాక, విత్తేముందు నీడలో బెల్లం నీళ్ళతో కల్చర్. ఇక పైపాటుగా యూరియా గుప్పిస్తే మొక్క బుడిపెల మీద ఖర్చు ఆపేస్తుంది. నైట్రేట్ కనిపించగానే నిన్ బంధువులైన ఎన్ఎల్‌పీలే అడ్డుపడతాయి. ఊరికే దొరుకుతుంటే సొంత వంట ఎవరు చేస్తారు?

ఒకసారి పెట్టిన బ్యాక్టీరియా మట్టిలో ఏమవుతుందన్న ఆసక్తి ఉంటే న్యూజిలాండ్ సంగతి వినండి. లోటస్ గడ్డికి సరైన బ్యాక్టీరియా లేని నేలలో ఒకే ఒక్క స్ట్రెయిన్ పెట్టి విత్తారు. ఏడేళ్ళ తర్వాత బుడిపెలు కోసి చూస్తే రకరకాల బ్యాక్టీరియాలు! సుమారు 5 లక్షల క్షారాల పొడవున్న డీఎన్‌ఏ ముక్క, సహజీవన జన్యువులన్నీ ఉన్నది, పెట్టిన స్ట్రెయిన్ నుంచి అక్కడి స్థానిక బ్యాక్టీరియాలకు దాటుకుంది. 1995లో ప్రచురించారు. కాబట్టి మీ నాన్నగారి కల్చర్ చచ్చిపోయిందో, స్థానికులతో వియ్యమందిందో బుడిపె చూసి చెప్పలేం. డీఎన్‌ఏ తీయాలి.

చివరిగా వరి. మొక్కలు వేళ్ళలో మైకోరైజా శిలీంధ్రాన్ని పెట్టుకోవడం నలభై కోట్ల ఏళ్ళకు పైబడిన అలవాటు. ఆ శిలీంధ్రం కూడా నాడ్ ఫ్యాక్టర్ లాంటి అణువులే వదులుతుందని 2011లో తేలింది. కాల్షియం నాడి, సీసీఏఎంకే, సైక్లాప్స్, ఇవన్నీ మొదట ఆ శిలీంధ్రం కోసం పుట్టినవే. పప్పుజాతి మొక్కలు చాలా తర్వాత ఆ దారినే బ్యాక్టీరియాకు తిప్పాయి. మన కోస్తాలో కనిపించే సరుగుడు చెట్టు ఫ్రాంకియా అనే వేరే బ్యాక్టీరియాతో అదే దారి వాడుతుంది. వరికీ మైకోరైజా ఉంది కాబట్టి ఆ జన్యువులున్నాయి. సీసీఏఎంకే చెడిపోయిన పప్పుజాతి మొక్కలో వరి సీసీఏఎంకే పెడితే పనిచేసింది కూడా.

లేనిది ఆ తర్వాతి భాగం. నిన్‌ను బుడిపె పనికి తిప్పే ఏర్పాటు, పక్క వేరు కార్యక్రమంతో ముడి, బ్యాక్టీరియాను కణంలోకి దించే పద్ధతి, లెగ్‌హీమోగ్లోబిన్, మాలేట్, హోమోసిట్రేట్ సరఫరా, ఎగుమతి దారులు. ఇవన్నీ సరైన కణంలో, సరైన రోజున లేవాలి. కేంబ్రిడ్జ్ కేంద్రంగా గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఎన్సా ప్రాజెక్టు ఈ దారిలో ఉంది. ఇంకో గుంపు బుడిపె గొడవ లేకుండా నైట్రోజినేజ్‌నే నేరుగా మొక్క మైటోకాండ్రియాలో పెట్టాలని చూస్తోంది. నా అభిప్రాయం అడిగితే, రెండో దారి కాగితం మీద పొట్టిది, కణంలో పొడుగుది. ఆ ఎంజైము కూర్పుకే పది దాకా జన్యువులు పట్టుగా పనిచేయాలి, పైగా ఆక్సిజన్ కాచుకుని కూర్చుంటుంది. ఇంకో గుర్తుంచుకోవలసిన సంగతి: సహజంగానే చాలా మొక్కలు ఈ గుణాన్ని పోగొట్టుకున్నాయి. 2018లో బుడిపె కట్టే మొక్కల బంధువుల జన్యుపటాలు పోల్చి చూస్తే, బుడిపె మానేసిన వాటిలో చాలాచోట్ల నిన్ ఊడిపోయి ఉంది. అంటే దీన్ని నిలబెట్టుకోవడమే ఖరీదైన పని. ఐదేళ్ళలో వరి వచ్చేస్తుందని ఎవరైనా పేపర్లో అంటే నేను పేజీ తిప్పేస్తాను.

ప్రాజెక్టుకు ఏమైనా చేయాలనుకుంటే మీ సొంత చేనే చాలు. విత్తిన నలభై, నలభైఐదు రోజులకు, నేల తడిగా ఉన్నప్పుడు వెళ్ళండి. మొక్కను పీకవద్దు, పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. పారతో మట్టిపెళ్ళతో సహా లేపి, బకెట్ నీళ్ళలో నానబెట్టి, మట్టి తనంతట తాను జారనివ్వండి. కల్చర్ పట్టించిన చాలులో పది, పట్టించని చాలులో పది. బుడిపెలు లెక్కపెట్టండి, ఒక్కో మొక్కకు ఇరవై చొప్పున కోసి ఎన్ని గులాబీగా ఉన్నాయో రాసుకోండి. చేలోనే, నీడలో, నీళ్ళలోంచి తీసిన వెంటనే కోయండి. ఇంటికి తెచ్చి సాయంత్రం కోస్తే మంచి బుడిపె కూడా గోధుమ రంగులో కనిపించి లెక్క తప్పుతుంది. మీ కాలేజీలో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఉంటే ఎసిటిలీన్ పరీక్ష కూడా చేయొచ్చు. నైట్రోజినేజ్ ఎసిటిలీన్‌ను ఎథిలీన్‌గా మారుస్తుంది, దాన్ని కొలవడమే. వేరును సీసాలో పెట్టేటప్పుడు బుడిపెలు నలగకుండా చూసుకోండి. ఆ లెక్కలు ఇక్కడ పెడితే నేను చూస్తాను.